నాచురల్ ఫినిషింగ్

మా తమ్ముడి బండల పాలిష్ ఫ్యాక్టరీ మూతపడేదాకా వచ్చింది నా వల్లే. ఈ మాట పైకి చెప్పడానికి నాకు చాలా కాలం పట్టింది. ముప్పై ఏళ్లు పిల్లలకు ఇంగ్లీషు చెప్పినదాన్ని. ఒక్క ముక్క తప్పు రాస్తే పేజీ అంతా ఎర్ర సిరా పూసి, ఆ నోటుబుక్కు తల్లిదండ్రులకు చూపించి సంతకం పెట్టించుకు రమ్మన్నదాన్ని. అలాంటిదాన్ని రెండే రెండు ఇంగ్లీషు మాటలకు తప్పు అర్థం చెప్పాను. పైగా తడబడుతూ కాదు, పూర్తి ధీమాతో చెప్పాను.

తమ్ముడి ఫ్యాక్టరీ జమ్మలమడుగు ఊరి బయట ఉంది. ఫ్యాక్టరీ అనగానే పెద్దగా ఊహించుకోవద్దు. ఒక రేకుల షెడ్డు, రాయి కోసే మిషన్ ఒకటి, పాలిష్ పట్టే మిషన్లు రెండు, ఒక నీళ్ల తొట్టి, చుట్టూ చీలమండ లోతున బూడిదరంగు బురద. గనుల నుంచి నాపరాళ్లు ట్రాక్టర్ల మీద వస్తాయి. వాటిని కోసి, పాలిష్ పట్టి, చుట్టుపక్కల ఇళ్లకు నేల బండలుగా పంపుతారు. నేను ప్రొద్దుటూరులో హైస్కూల్లో పనిచేస్తూ అక్కడే ఉండేదాన్ని. ఆదివారం వస్తే బస్సెక్కి తమ్ముడి దగ్గరికి పోయేదాన్ని. ఆదివారమైనా వాడు ఇంట్లో ఉండడు కాబట్టి నేను కూడా షెడ్డుకే పోయి, ఉన్న ఒక్క ప్లాస్టిక్ కుర్చీ ఆక్రమించుకుని కూర్చునేదాన్ని.

మా వైపు నేల బండలకు ఒకటే పరీక్ష. వంగి చూస్తే ముఖం కనపడాలి. గృహప్రవేశానికి వచ్చిన ఆడవాళ్లు గోడలు చూడరు, వంటగది చూడరు, ముందు నేల చూస్తారు. చూసి "ఫినిషింగ్ బాగుండాది" అంటారు. ఈ ఫినిషింగ్ అన్న మాట మాకు ఇంగ్లీషు కాదు, మా జిల్లా మాట. దానికి మెరుపు అని తప్ప వేరే అర్థం లేదు. ఆ నేల మీద తడికాలితో జారిపడని మనిషి మా చుట్టాల్లో లేరు. పడ్డవాళ్లు కూడా మోచెయ్యి రుద్దుకుంటూ, పాలిష్ భలే వచ్చిందని మెచ్చుకుంటూ లేస్తారు.

అలాంటి చోటికి టైల్స్ వచ్చి పడ్డాయి. పెట్టెల్లో వస్తాయి, అన్నీ ఒక్క కొలతలో ఉంటాయి, వాటి మెరుపు ముందు మా రాయి మెరుపు వెలవెలబోయింది. ప్రొద్దుటూరులో కొత్తగా కట్టే ఇళ్లలో నాపరాయి మెట్లకూ వరండాకూ దిగిపోయింది, ఆ తర్వాత మరుగుదొడ్డి గడపకు. షెడ్డులో పదహారు మంది పనిచేసేవాళ్లు. వారంలో మూడు రోజులు మిషన్లు ఆగే ఉంటున్నాయని తమ్ముడు నాతో చెప్పలేదు గానీ, బురద ఎండి పగుళ్లు బారి ఉండటం చూసి నాకే తెలిసింది.

అప్పుడు చెన్నై నుంచి ఒక ఏజెంటు వచ్చాడు. రాళ్లు ఎగుమతి చేసేవాళ్లకూ విదేశీ కొనుగోలుదార్లకూ మధ్య మనిషి. రాయిని తట్టి చూసి, ఇంగ్లాండులో ఇళ్ల తోటల్లో కాలిబాటలు పరవడానికి నల్లరాయి అడుగుతున్నారని చెప్పాడు. వారం తర్వాత అక్కడి కంపెనీ నుంచి తమ్ముడి ఫోనుకు మెయిల్ వచ్చింది. వాడు ఆదివారం దాకా దాన్ని తెరవకుండా నా కోసం దాచి పెట్టాడు.

"అక్కా, ఏమి రాసినాడో సదివి చెప్పు. ఒగ ముక్క గూడా ఇడ్సొద్దు" అన్నాడు.

చుట్టూ పనివాళ్లంతా చేరారు. నా పక్కనే మేస్త్రి నిలబడ్డాడు. ఆయన సాయిబు, డెబ్బై దాటినవాడు, షెడ్డులో అందరికీ మామ. మిషన్ తిరుగుతుంటే రాయి మీద నీళ్లు పోయడం ఆయన పని. అంత పెద్ద మేస్త్రికి అది పని కాదు, కానీ వేరే పని లేదు. నేను కళ్లద్దాలు సవరించుకుని క్లాసులో చదివినట్టే చదివాను. పొడవు, వెడల్పు, మందం చెప్పాను. ఆ తర్వాత "నాచురల్ ఫినిష్" అని ఉంది.

"నాచురల్ ఫినిషింగ్ కావాలంటరా" అన్నాను.

"ఫినిషింగ్ తెల్సు. నాచురల్ అంటే ఏంది టీచరమ్మా?" అని మేస్త్రి అడిగాడు.

"సహజంగా ఉండేది మామా. మైనం గియినం పుయ్యకుండా, రాయికి దానంతట అదే వచ్చే మెరుపు."

ఆ మెరుపు అన్న మాట మెయిల్లో లేదు. నేను పెట్టాను. పక్కనే తోటల కోసమని రాసి ఉంది, చదివాను కూడా. తోట అంటే ఆరుబయట అనీ, ఆరుబయట అంటే వాన పడుతుందనీ నాకు తోచలేదు. జమ్మలమడుగులో కూర్చుంటే వాన ఎవరికి గుర్తొస్తుంది?

మేస్త్రి తమ్ముడి వైపు తిరిగాడు. "మైనం లేకుండా మెరుపు రావాలంటే శానాసేపు పట్టాల్సొస్తాదప్పా."

"పట్టుదాం మామా. మన ఊరోళ్లకే ఇంత జేస్తాండాం, అంత దూరం నుంచి అడిగినోళ్లకు తక్కువ జేస్తామా?" అన్నాడు తమ్ముడు.

ఇక మందం దగ్గర అసలు గొడవ మొదలైంది. ఇరవై రెండు మిల్లీమీటర్లు ఉండాలి, రెండు అటూ ఇటూ కావచ్చు అని వాళ్ల షరతు. మా వైపు బండ మందాన్ని ఎవరూ పట్టించుకోరు. ఒక మూల ఎక్కువుంటే కింద మన్ను తీస్తారు, తక్కువుంటే మన్ను పోస్తారు. పైన సమంగా ఉంటే చాలు, కిందిది భూదేవికి వదిలేస్తారు. తమ్ముడు మొదటిసారి బండను బోర్లా తిప్పి దాని వీపు చూశాడు. చూసి, కోసే మిషన్ బల్ల కింద ఇనప పట్టీలు పెట్టి, బ్లేడు ఎత్తు మార్చి, ఆ వీపును చదును చేసే ఉపాయం పదిరోజుల్లో కనిపెట్టాడు. పదో తరగతి మూడుసార్లు రాసిన మా తమ్ముడేనా వీడు అనుకున్నాను.

కొలవడానికి నేను మా స్కూలు సైన్సు ల్యాబు నుంచి వెర్నియర్ కాలిపర్స్ అడిగి తెచ్చాను. దాంతో కొలుస్తుంటే మేస్త్రి పక్కన కూర్చుని, బండ అంచును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని, "ఇది ఒగ నూలు ఎక్కువుండాది" అన్నాడు. నూలంటే పనివాళ్ల లెక్కలో అంగుళంలో ఎనిమిదో వంతు. కొలిచాం. ఎక్కువే ఉంది. ఇంకోటి ఇచ్చాం. "ఇది సరిపోయింది." సరిపోయింది. నేను ఊరుకుంటానా, ఆయన్ను కళ్లు మూసుకోమని పన్నెండు బండలు వరసగా ఇచ్చాను. పదకొండు సరిగ్గా చెప్పాడు. పన్నెండోది తప్పని నేను గెలిచినట్టు అన్నాను. ఆయన కళ్లు తెరవకుండానే "మల్ల సూడమ్మా" అన్నాడు. మళ్లీ చూస్తే నేనే స్కేలు తప్పు చదివాను. ఇన్నేళ్లుగా ఆ వేళ్లు మగ్గుతో నీళ్లు పోస్తున్నాయి, వాటికి ఇది తెలుసునని మాలో ఎవరికీ తెలియదు. అడిగినవాళ్లు లేరు కాబట్టి తెలియదు. సముద్రాల అవతల ఎవరో మందం అడిగితే గానీ మా షెడ్డులో ఏముందో మాకు తెలియలేదు.

రాళ్లు మెరిశాయి. మామూలుగా పట్టేదానికి రెట్టింపు సేపు పట్టారు. చివరి రోజు నేను వెళ్లేసరికి వరసగా నిలబెట్టిన బండల్లో షెడ్డు రేకులు, పనివాళ్ల కాళ్లు, నా చీర అంచు అన్నీ కనపడుతున్నాయి. కర్రపెట్టెల్లో సర్ది, లారీకి ఎక్కించి చెన్నైకి పంపారు. అంతమంది మగవాళ్లు పని వదిలి రోడ్డు మీద నిలబడి లారీ వెళ్లిన వైపే చూడటం నేను అంతకు ముందు చూడలేదు.

రెండు నెలల పైన గడిచాక జవాబు వచ్చింది. దాంతో పాటు ఒక ఫోటో. తడిసిన పెరడు, పైన మబ్బు, మధ్యలో విప్పిన మా పెట్టె. అంత నల్లగా మా రాయి ఇక్కడ ఎప్పుడూ కనపడలేదు, ఆకాశం మొత్తం అందులోకి దిగి ఉంది. కింద రాసింది చదివాను. ఇంత అందమైన రాయిని మేమెప్పుడూ చూడలేదు, కానీ దీన్ని ఎక్కడా పరవలేం అని రాశారు. పెట్టె విప్పిన మనిషి ఆ రాయి మీద రెండడుగులు వేసి జారిపడి, నడుం పట్టుకుని కూర్చున్నాడట. మేం అడిగింది గనిలో విడిన రాయిని విడినట్టే పంపమని కదా, పాలిష్ ఎవరు పట్టమన్నారు అని అడిగారు.

ఫినిష్ అంటే పైతలం అని నాకు తెలియదా? తెలుసు. క్లాసులో ఎవరైనా పిల్ల అడిగితే అలాగే చెప్పేదాన్ని. కానీ ఆ షెడ్డులో ఆ కుర్చీలో కూర్చుని చదివినప్పుడు నేను టీచర్ని కాదు. గృహప్రవేశాల్లో నేల చూసి ఫినిషింగ్ బాగుందనే జమ్మలమడుగు ఆడమనిషిని. నా ఇంగ్లీషును నా ఊరి మాట మింగేసింది.

తమ్ముడికి ఉన్నదున్నట్టు చెప్పాను. వాడు తిడితే బాగుండేది. "నువ్వు సెప్పినందుకే గాదులే అక్కా. నువ్వు సెప్పకపోయినా మేము పాలిషే పట్టేటోళ్లం" అన్నాడు. ఆ మాట నన్ను తిట్టుకంటే ఎక్కువ కుంగదీసింది. వాడు లేచిపోయి తొట్టి దగ్గర ముఖం కడుక్కుని, మళ్లీ కడుక్కున్నాడు.

మెయిల్లో ఇంకొంచెం ఉంది. ఆ నలుపు తమ వాళ్లకు నచ్చిందని, అదే నలుపు ఉండి తడిలో కాలు జారని రాయి చేయగలిగితే ఒక నమూనా నెలలోపల పంపమని, అది బాగుంటే మీతోనే సాగుతామని, లేకపోతే ఇంతటితో సరి అని రాశారు. వినడానికి బాగానే ఉంది, కానీ అది జరిగే పని కాదు. మా రాయి గనిలో నుంచి వచ్చినప్పుడు పొయ్యిలో బూడిద రంగులో ఉంటుంది. పాలిష్ పడితేనే నలుపు బయటికొస్తుంది. పాలిష్ పడితే జారుతుంది. నలుపు, జారకపోవడం ఈ రెంటిలో ఒకటే దొరుకుతుంది. నెలలో రెండూ దొరకకపోతే ఉగాది తర్వాత షెడ్డుకు తాళం వేస్తానని తమ్ముడు పనివాళ్లకు చెప్పేశాడు.

వాడు ముందు యాసిడ్ పోసి చూశాడు. రాయి తెల్లబారి, బొల్లి వచ్చినట్టు తయారైంది. తర్వాత ప్రొద్దుటూరు హార్డ్‌వేర్ షాపుల్లో దొరికిన ఇనప తీగల బ్రష్షులన్నీ కొనుక్కుపోయి రుద్దించాడు. చూడ్డానికి బ్రహ్మాండంగా వచ్చింది. రెండు రోజులకు ఆ తీగల తుప్పు రాయిలోకి దిగి కాఫీ మరకలు తేలాయి. నాకు ఆ ఆదివారాలు షెడ్డుకు వెళ్లాలంటే కాళ్లు లేచేవి కావు, అయినా వెళ్లేదాన్ని. తప్పు చేసినదాన్ని తప్పించుకు తిరిగితే ఇంకా సిగ్గు.

మూడో ఆదివారం వెళ్లేసరికి మేస్త్రి నీళ్ల పని వదిలేసి గోడ నీడలో కూర్చుని ఉన్నాడు. ముందర పాలిష్ పట్టిన బండ, చేతిలో సన్నని ఉలి, చిన్న సుత్తి. టిక్కు టిక్కుమని వాన చినుకుల్లా కొడుతున్నాడు. మిక్సీలు రాకముందు ఆయన ప్రొద్దుటూరు వీధుల్లో తిరుగుతూ రోళ్లకు, తిరగళ్లకు కక్కు కొట్టేవాడు. వాడి వాడి నునుపెక్కిన రోటికి మళ్లీ సన్నని గాట్లు పెట్టడమే కక్కు. ఆ గరుకు లేకపోతే పప్పు నలగదు, రోట్లో అటూ ఇటూ జారుతుంది. చిన్నప్పుడు మా వీధిలోకి కూడా ఎవరో వచ్చేవాళ్లు, ఈయనేనేమో.

"ఇదేంది మామా, అంత బాగా మెరిసేదాన్ని చెడగొడ్తాండావు?" అన్నాను.

"రోలు నున్నగైతేనే గదమ్మా సెడిపొయ్యేది" అన్నాడు తలెత్తకుండా. "మీరంతా నునుపుకు దుడ్లిస్తారు. నేను ముప్పై ఏండ్లు నునుపు తీసేసే పనే జేసినా. ఆ దొర గూడా అదే గదా అడుగుతాండాడు."

ఉలి తగిలిన చోటల్లా తెల్లటి చుక్క పడుతోంది. రాయంతా చుక్కలు పరచుకున్నాక, అరిగి పారేసిన పాలిష్ సానరాయి ముక్కను చేత్తో పట్టుకుని నీళ్లతో రుద్దడం మొదలుపెట్టాడు. గంటన్నర రుద్దాడు. ఒక్కో చుక్కా నల్లబడుతూ వచ్చింది. చివరకు గుడ్డతో తుడిచేసరికి, చెట్టు మీద పండి ఆరిన నేరేడు పండు రంగులో ఉంది ఆ బండ. ముఖం కనపడదు. కానీ అంతే నలుపు. అరచెయ్యి పెడితే రాయిలా లేదు, చెయ్యి వదలబుద్ధి కాలేదు.

జారుతుందో లేదో చూడాలి. సబ్బు నీళ్లు పోశారు. ఎవరు నిలబడాలి అని తమ్ముడు అందరి వైపూ చూస్తుంటే నేను చెప్పులు విడిచాను. వద్దన్నారు, నా మోకాళ్ల సంగతి అందరికీ తెలుసు. తప్పు నాది, పడితే నేనే పడాలి అనుకుని కుచ్చిళ్లు పైకి పట్టుకుని రెండు కాళ్లూ పెట్టాను. పాదం కింద సన్నగా, వేల చోట్ల, రాయి నన్ను పట్టుకుంది. అటూ ఇటూ కదిలాను. ఒక కాలు ఎత్తాను. యాభై ఏడేళ్ల ఆడమనిషి సబ్బు నీళ్లలో ఒంటికాలి మీద నిలబడి ఏడుస్తుంటే పదహారు మంది చూశారు. నాకేమీ సిగ్గనిపించలేదు.

నమూనా కొరియర్లో పోయింది. ఈసారి జవాబు త్వరగా వచ్చింది. అద్భుతం, అచ్చం ఇలాంటివే కంటెయినర్ నిండా కావాలి అని. అందరూ సంతోషపడ్డారు, మేస్త్రి తప్ప. ఒక్క బండకు ఆయనకు ఒక పగలంతా పట్టింది. కంటెయినర్ నిండా అంటే ఆయన ఇంకో జన్మ ఎత్తాలి. అన్ని బండలు చెయ్యలేమని తెలిస్తే ఆ కంపెనీ వేరే ఊరు చూసుకుంటుంది. తాళం మళ్లీ కళ్లముందుకొచ్చింది.

మేస్త్రి రెండు రోజులు పనికి రాలేదు. మూడో రోజు వచ్చి తమ్ముడితో, "రాయంతా ఒగటే గట్టిగా ఉండదప్పా. మెత్తంది కొంచెం కొంచెం ఉంటాది. ఉలి నేను యాడ గావాలంటే ఆడ ఏస్తా. మిషనుకు ఆ తెలివి లేదు. మెత్తంది తనంతట తానే లేసిపొయ్యేట్టు, గట్టిది ఉండిపొయ్యేట్టు గీకాల. ఇనుము గాకుండా, ఇనుమంత మొండిది ఏదన్నా ఉండాదా?" అని అడిగాడు.

ఉంది. బోరు మోటారును బావిలో వేలాడదీసే నైలాన్ తాడు. ఎండకు, నీళ్లకు, బరువుకు దేనికీ లొంగదు. ఎండిపోయిన బోర్లు ఎక్కడుంటే అక్కడ పాత తాళ్లు పడి ఉంటాయి, ఆ విషయంలో మా జిల్లాకు కొదవ లేదు. పులివెందుల దగ్గర మా మేనమామకు అరటితోట ఉంది. ఆ రోజు ఆదివారమే కాబట్టి నేను, తమ్ముడు, మేస్త్రి ముగ్గురం కారులో పోయాం. మేనమామ తాళ్లు చూపించి ఎన్ని కావాలంటే అన్ని తీసుకోమన్నాడు. తోట మధ్యలో కొత్తగా ఒక షెడ్డు కట్టించాడు. అందులో అరటి గెలలు ఉయ్యాలలో బిడ్డల్లాగా వేలాడుతున్నాయి, ఒక్క కాయ కూడా నేలకు తగలకుండా.

"ఇదేంది మామా ఈ వైభోగం?" అన్నాను.

"గల్ఫుకు పోతాండాయి గదమ్మా. కాయ మీద సుక్కంత మచ్చ గూడా ఉండగూడదంట. మా నాయన కాలం నుంచి లారీలోకి ఇసిరేస్తాంటిమి. ఇట్ల గూడా జెయ్యొచ్చని ఎవురికీ తోసలా" అన్నాడు. ఆయన ఎవరినీ దేనికీ మెచ్చుకునే మనిషి కాదు. ఆ గెలల మధ్య నడుస్తూ ఒక్కోదాన్ని వేలితో మెల్లగా తాకుతుంటే, ఈ మనిషిని నేను పుట్టినప్పటి నుంచీ సరిగ్గా చూడలేదేమో అనిపించింది. ఎవరో ముక్కూముఖం తెలియనివాళ్లు ఒకటి కావాలని అడుగుతారు, ఇక్కడ మనుషుల చేతులు మారిపోతాయి. నాకు దేవుడి మీద కూడా అంత ఆశ్చర్యం ఎప్పుడూ కలగలేదు.

తాళ్లను జానెడు ముక్కలుగా కోసి, పురి విప్పి, బంకలో ముంచి, సానపొడి అద్ది, చెక్క చక్రానికి తొలిచిన రంధ్రాల్లో దిగేశాడు మేస్త్రి. అది పాలిష్ మిషన్‌కు బిగించారు. మొదటి చక్రం తిరగ్గానే విడిపోయి సగం తాళ్లు తమ్ముడి చొక్కాకు అతుక్కున్నాయి. రెండోది బంక కరిగి రాయికి పూసుకుంది. మూడోది నాలుగు నిమిషాలు తిరిగింది. ఆపి నీళ్లు కొట్టారు. మేస్త్రి చేత్తో ఒక పగలంతా చేసిన బండకూ, ఆ నాలుగు నిమిషాల బండకూ తేడా నా కళ్లకు తెలియలేదు. ఆయన వేళ్లకు తెలిసింది. "పర్వాల్యా" అన్నాడు. ఆయన నోట అంతకంటే పెద్ద మెచ్చుకోలు నేను వినలేదు.

తన ఉలి పనిని తానే చక్రానికి అప్పజెప్పేశాడు కదా, మళ్లీ నీళ్ల మగ్గు పట్టుకోవాల్సిందే కదా అని నాకు బాధ వేసింది. అదే అడిగాను. ఆయనకు ఆ బాధే లేదు. ఆ చక్రాన్ని ఏటవాలుగా పట్టి చూస్తున్నాడు. అలా పట్టి తిప్పిన ఒక బండ నాకు చూపించాడు. పెన్నలో నీళ్లు తీసిన తర్వాత ఇసుక మీద మిగిలే అలల గీతలు ఉన్నాయి దాని మీద. రాయి మీద అలలు. నేను వేళ్లతో ఆ గీతల వెంబడి పోతూ ఉండిపోయాను. ఆ తర్వాత నేను వెళ్లిన ప్రతిసారీ ఒక కొత్త బండ ఉండేది. తాడు పొట్టిగా కోస్తే ఒక రకం, పొడి మార్చితే ఇంకో రకం. ఇన్నేళ్లుగా మెరుపు తప్ప ఇంకేమీ తెలియని షెడ్డు అది.

మిషన్ మీద చేసిన నమూనా పంపాం. పన్నెండు రోజులు ఎదురుచూశాం. జవాబు వచ్చిన రోజు తమ్ముడు స్కూలుకే ఫోన్ చేసి, నేను వచ్చేదాకా ఎవరితోనూ చదివించనని చెప్పాడు. ఇంత జరిగాక కూడా నాతోనే చదివిస్తానన్నాడు. నేను సెలవు పెట్టి బస్సెక్కాను. దారంతా భయమే. అవునంటారా కాదంటారా అని కాదు, మళ్లీ ఏ మాట నన్ను మోసం చేస్తుందో అని.

ఈసారి కుర్చీలో కూర్చోలేదు. నిలబడి ముందు నాలో నేను రెండుసార్లు చదువుకున్నాను. తర్వాత ఒక్కో వాక్యం తెలుగులో చెప్పాను. నమూనా అంగీకరించారు. కంటెయినర్ పంపమన్నారు. అది బాగుంటే ఏడాది పొడుగునా ఆర్డర్లు ఉంటాయి. తమ్ముడు రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. తాళం సంగతి ఆ క్షణంతో పోయింది.

ఇంకో వాక్యం మిగిలి ఉంది. దాన్ని చెప్పాలంటే నాకు నోరు రాలేదు. ఈ నమూనా బండ ఒకటి మా దగ్గర, ఒకటి మీ దగ్గర సీలు వేసి ఉంటాయి, ఇకమీదట దీనికి వెంట్రుకంత తేడా ఉన్న రాయి ఒక్కటి వచ్చినా సరుకు మొత్తం తిప్పి పంపుతాం, దయచేసి ఇందులో కొత్తగా ఏ మార్పూ చేయవద్దు. అదీ అందులో ఉన్నది. కొత్తది కావాలని అడిగి మమ్మల్ని నిద్రలేపినవాళ్లే ఇక లేవొద్దంటున్నారు. మేస్త్రి నా ఎదుటే ఉన్నాడు. ఆయన కాళ్ల దగ్గర అలల బండ గోడకు ఆనించి ఉంది. ఆ వాక్యాన్ని మింగేసినా, మెత్తగా మార్చి చెప్పినా అక్కడ పట్టుకునేవాళ్లు ఎవరూ లేరు. కానీ ఇంకోసారి నా సొంత మాట చేర్చే ధైర్యం నాకు లేదు. ఉన్నదున్నట్టు చెప్పాను.

తమ్ముడు భయపడిపోయాడు. "మామా, ఆ బండలన్నీ ఎత్తి పక్కన పెట్టు. పొరపాటున ఒగటి కలిసిందంటే మల్ల మనం మునిగిపోతాం. ఇంగ ఈ ప్రయోగాలు ఆపేయప్పా" అన్నాడు. వాడిని తప్పు పట్టలేను. పదహారు ఇళ్ల పొయ్యిలు వాడి నెత్తిన ఉన్నాయి.

మేస్త్రి నా చేతిలోని ఫోను వైపు చూశాడు. ఆయనకు చదవడం రాదు, ఏ భాషా రాదు. అయినా ఆ తెరను కాసేపు పట్టి చూసి నన్నడిగాడు.

"వాళ్లకు పంపే దాంట్లో మార్చొద్దన్నారు. సరే, మార్చను. నన్ను వేరేవి జెయ్యొద్దని యాడన్నా రాసినారా టీచరమ్మా? సరిగ్గా సూడు."

నేను కళ్లద్దాలు తుడుచుకుని, పై నుంచి కింది దాకా మళ్లీ చదివాను. ఎక్కడా రాయలేదు.